సీసా మీద మన రాత

మీ వంటింట్లో ఎన్ని సీసాలు ఉన్నాయి? ఒకసారి లేచి లెక్కపెట్టి రండి. కాఫీ పొడి వచ్చిన సీసా ఉంటుంది. పచ్చడి కొన్న సీసా ఉంటుంది. తేనె సీసా, జామ్ సీసా ఉంటాయి. పాత ఇళ్లలో అయితే హార్లిక్స్ సీసాలు ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి. సరుకు అయిపోయినా సీసాను పారేయడానికి మనకు చేతులు రావు. కడిగి పప్పో ఉప్పో పోసుకుంటాం.

మా ఇంట్లోనూ అంతే. అన్నీ ఒకే రకం సీసాలు. ఒక ఉగాదికి మా చిన్నత్త పాయసం చేసింది. పంచదార అనుకుని ఉప్పు పోసింది. రెండూ తెలుపే. రెండు సీసాలూ ఒకే ఎత్తు. పిల్లలు నోట్లో పెట్టుకుని ఉమ్మేశారు. అందరం నవ్వుకున్నాం. చిన్నత్త మాత్రం నవ్వలేదు. లీటరు పాలు, గుప్పెడు జీడిపప్పు పోయాయి గదా!

వంటింట్లో తెల్లగా ఉండేవి ఎన్ని ఉన్నాయో చూడండి. ఉప్పు, పంచదార, వంటసోడా, బట్టల సోడా, బియ్యప్పిండి, ముగ్గుపిండి, బొద్దింకలకు పెట్టే బోరిక్ పొడి. ఉప్పు పడితే పాయసం పోతుంది. బోరిక్ పొడి పడితే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే ఈ పాఠం. ఖాళీ సీసాకు రంగులు వేసి అందంగా చేసుకుందాం. దాని మీద లోపల ఏముందో మన చేత్తో రాసుకుందాం. అక్షరాలు వచ్చాయి గదా, ఇక గుర్తులతో పనేముంది?

ఏ సీసా పనికొస్తుంది?

రంగు వేసే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ సీసాలో ఇంతకు ముందు ఏముంది?

తినే వస్తువు ఉన్న సీసా అయితే తీసుకోండి. పురుగుమందు సీసా అయితే వద్దు. ఎంత బాగున్నా వద్దు. "వేడినీళ్లతో పదిసార్లు కడిగాను వదినా, వాసన కూడా లేదు" అంటారు కొందరు. వాసన లేనంత మాత్రాన మందు పోయినట్టు కాదు. మూతి దగ్గర మరల్లో, మూత లోపలి బిళ్లలో మందు దాక్కుని ఉంటుంది. కంటికి కనపడదు. అందులో నూనె పోస్తే నూనెలోకి దిగుతుంది. రంగు వేసి పూలు గీస్తే ఇంకా ప్రమాదం. ఎందుకంటే అది పురుగుమందు సీసా అన్న సంగతే అందరూ మరిచిపోతారు.

పురుగుమందు డబ్బా మీద ఒక గుర్తు ఉంటుంది. పలకను మూల మీద నిలబెట్టినట్టు ఉంటుంది. దాని కింది సగం రంగు చూడండి. ఎరుపు అయితే అన్నిటికన్నా ఎక్కువ విషం. దాని తర్వాత పసుపు. ఆ తర్వాత నీలం. ఆకుపచ్చ అయితే తక్కువ విషం. తక్కువ అంటే అసలు లేదని కాదు. నాలుగు రంగుల్లో ఏది ఉన్నా ఆ సీసా వంటింటి గడప దాటి లోపలికి రాకూడదు. ఖాళీ సీసాలను పగలగొట్టి ఇళ్లకు దూరంగా పాతిపెట్టాలని చట్టం కింద నియమం ఉంది. మళ్లీ ఎవరూ వాడకుండా ఉండటానికే ఆ నియమం. ఈ మాట మీ ఇంట్లో మందు కొట్టే మగవాళ్లకు కూడా చదివి వినిపించండి.

ఫినాయిలు, యాసిడ్, కిరోసిన్ ఉన్న సీసాలు కూడా వద్దు. మూతి దగ్గర పెచ్చు ఊడినవి, బీట పడినవి వద్దు. గోటితో మూతి చుట్టూ మెల్లగా తడిమితే పెచ్చు తెలుస్తుంది. మూత కూడా చూసుకోండి. ఇనుప రేకు మూత ఉప్పుకు, పచ్చడికి పనికిరాదు. ఉప్పు, చింతపండు పులుపు కలిసి రేకును తినేస్తాయి. తుప్పు లోపల రాలుతుంది. పప్పులకు, మెంతులకు అయితే రేకు మూత ఫరవాలేదు.

జిడ్డు పోవాలి

గాజు అంటే ఏమిటి? ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి కొలిమిలో కరిగిస్తారు. అది చల్లారితే గాజు. మట్టి కుండకు సన్నని రంధ్రాలు ఉంటాయి. అందుకే కుండ నీళ్లు పీల్చుతుంది. రంగు కూడా పీల్చుతుంది. గాజుకు రంధ్రాలు లేవు. ఏదీ పీల్చదు. రంగు పైపైనే అంటుకుని నిలబడాలి. మధ్యలో కొంచెం జిడ్డు ఉన్నా రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది. చాలామంది వేసిన రంగు వారం రోజులకే ఊడిపోవడానికి కారణం రంగు కాదు, జిడ్డు.

ముందు సీసాను గోరువెచ్చని నీళ్లలో ఒక గంట నానబెట్టండి. సలసల కాగే నీళ్లు చల్లని సీసాలో పోయకూడదు. వేడి తగిలిన పక్క గాజు సాగుతుంది. రెండో పక్క సాగదు. అప్పుడు సీసా టప్పున పగులుతుంది. చేయి కాలుతుంది, గాజు గుచ్చుకుంటుంది.

నానాక కాగితం ఊడి వస్తుంది. దాని జిగురు మాత్రం అంత తేలికగా పోదు. కొంచెం వంటనూనెలో వంటసోడా కలపండి. ముద్దలాగా చేసి జిగురు మీద పట్టించండి. పావుగంట ఆగి కొబ్బరి పీచుతో తోమండి. జిగురు పోతుంది. ఇప్పుడు నూనె జిడ్డు మిగిలింది గదా, దాన్ని సబ్బు నీళ్లతో రెండుసార్లు కడగండి. బోర్లించి, ఆ తర్వాత ఎండలో పెట్టి పూర్తిగా ఆరనివ్వండి.

చివరగా దూది మీద స్పిరిట్ వేసి సీసా బయట వైపు తుడవండి. స్పిరిట్ అంటే సూది మందు వేసే ముందు నర్సమ్మ దూదితో రాస్తుందే, అది. మందుల షాపులో దొరుకుతుంది. దానికి నిప్పు తొందరగా అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, దీపం దగ్గర ఈ పని చేయొద్దు. తుడిచిన తర్వాత సీసా మధ్యలో పట్టుకోకండి. మన వేళ్లకు ఎప్పుడూ కొంచెం నూనె ఉంటుంది. లోపల ఎడమ చేయి పెట్టి సీసాను ఎత్తి పట్టుకోండి. చేయి దూరకపోతే మూతి దగ్గర పట్టుకోండి.

సీసా వేరు, సీసం వేరు

ఈ రెండు మాటలు ఒకసారి పైకి చదవండి. సీసా. సీసం. ఒక దానికి చివర దీర్ఘం. ఇంకో దానికి చివర సున్నా. అంతే తేడా. కానీ సీసం ఒక లోహం. అది ఒంట్లోకి పోతే విషం. చిన్నపిల్లల మెదడు ఎదుగుదల దెబ్బ తింటుంది. కడుపుతో ఉన్నవాళ్లకు కూడా మంచిది కాదు.

పాత రోజుల్లో రంగుల్లో సీసం కలిపేవారు. పసుపు, ఎరుపు లాంటి గాఢమైన రంగుల్లో ఎక్కువ కలిపేవారు. మన దేశంలో దీని మీద 2016లో నిబంధనలు వచ్చాయి. 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. ఇంటికి వేసే రంగుల్లో పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసం ఉండకూడదు. కాబట్టి అటక మీద ఎప్పటిదో తలుపుల రంగు డబ్బా ఉంటే దాన్ని దించకండి. "ఊరికే ఉంది గదా, వాడేద్దాం" అనుకోకండి. కొత్తది కొనేటప్పుడు డబ్బా మీద లెడ్ ఫ్రీ అని ఉందో లేదో చూడండి. లెడ్ అంటే సీసమే. ఆ మాట సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటుంది. బడికి పోయే పిల్లలతో చదివించుకోండి.

సీసాలకు ఆక్రిలిక్ రంగులు అనువుగా ఉంటాయి. పుస్తకాల షాపుల్లో చిన్న చిన్న బుడ్లలో అమ్ముతారు. నీళ్లతో కలుస్తాయి. కుంచెను నీళ్లతోనే కడుక్కోవచ్చు. ఘాటు వాసన ఉండదు. తలుపులకు వేసే ఎనామిల్ రంగు గాజుకు గట్టిగా పట్టుకుంటుంది, నిజమే. కానీ దాని వాసనకు తల తిరుగుతుంది. కుంచె కడగడానికి టర్పెంటైన్ కావాలి. నన్నడిగితే ఇంట్లో పిల్లలు తిరిగే చోట అది వద్దంటాను. బడిపిల్లలు కాగితాల మీద వేసే నీటి రంగులు అసలు వద్దు. తడి చేయి తగిలితే కరిగి కారిపోతాయి.

ఏ రంగైనా సీసా లోపల వేయకూడదు. బయటే వేయాలి. మూతి నుంచి రెండు వేళ్ల వెడల్పు వదిలేయాలి. మనం చెంచా తగిలించేది, నోటికి తగిలేది ఆ చోటే. మంచి రంగయినా ఈ నియమం తప్పకండి.

ముగ్గు వేసే చేయి

"నాకు బొమ్మలు గీయడం రాదు" అనే అక్కలు చాలామంది ఉంటారు. పొద్దున్నే లేచి చుక్కలు పెట్టి, వాటిని కలుపుతూ తామరపూవు వేసేది ఎవరు? వాకిట్లో వేసేదాన్ని సీసా మీద వేయాలి. అంతే. అయితే వాకిలి చదునుగా ఉంటుంది. సీసా గుండ్రంగా ఉంటుంది. ఒకచోట మొదలు పెడితే చుట్టూ తిరిగి వచ్చేసరికి చివరి పూవుకు చోటు చాలదు. దీనికి ఒక ఉపాయం ఉంది. సీసా చుట్టూ ఒక దారం చుట్టండి. సరిగ్గా ఒక చుట్టుకు తెంపండి. ఆ దారాన్ని సగానికి మడవండి. మళ్లీ సగానికి మడవండి. ఇంకోసారి మడవండి. ఎనిమిది సమాన భాగాలు వస్తాయి. మడత పడిన చోటల్లా బొగ్గుతో గుర్తు పెట్టండి. ఇప్పుడు దారాన్ని మళ్లీ సీసా చుట్టూ పెట్టి, గుర్తు ఉన్న చోటల్లా రంగుతో చుక్క పెట్టండి. ఎనిమిది చుక్కలు సమానంగా కుదురుతాయి.

చుక్క పెట్టడానికి కుంచె అక్కర్లేదు. అగ్గిపుల్ల వెనక వైపు చాలు. సన్న చుక్కకు చీపురు పుల్ల. పెద్ద చుక్కకు చెవిలో పెట్టుకునే దూది పుల్ల. సన్న గీతలు కావాలంటే గోరింటాకు కోన్ లాగా కవరు చుట్టి, అందులో చిక్కటి రంగు నింపి, కొస కత్తిరించండి. గోరింటాకు పెట్టే ఆడపిల్ల ఇంట్లో ఉంటే ఈ పని ఆమెకు అప్పగించండి.

రంగుల పొందికకు మన దగ్గరే బోలెడు ఉదాహరణలున్నాయి. చేర్యాల బొమ్మలు చూశారా? వెనక అంతా ఎరుపు, దాని మీద బొమ్మలు. కలంకారీ చీరలో నలుపు గీత, లోపల ముదురు ఎరుపు. ఎక్కువ రంగులు కొననవసరం లేదు. ఎరుపు, తెలుపు, నలుపు మూడు బుడ్లతో చాలా చేయొచ్చు.

సీసా మొత్తం రంగు పూసేయకండి. ఒక పక్క రెండు వేళ్ల వెడల్పున పైనుంచి కిందికి కిటికీ లాగా వదలండి. సరుకు ఎంత మిగిలిందో అక్కడ కనిపిస్తుంది. సంతకు పోయే ముందు మూతలు తీసి చూసే పని తప్పుతుంది.

రంగు పలచగా వేయాలి. ఒక గంట ఆరనిచ్చి రెండో పూత వేయాలి. ఒకేసారి మందంగా పూస్తే పైన ఆరుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. రెండు పూతలు ఆరాక చేతికి అంటదు గానీ అది పూర్తిగా గట్టిపడటానికి మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా కడగొద్దు. ఆ తర్వాత కూడా నీళ్లలో నానబెట్టొద్దు, పీచుతో రుద్దొద్దు. బయట తడిబట్టతో తుడిచి, లోపల మాత్రం కడుక్కోవాలి.

పేరు రాయడం

రాసే చోటు ముందే అనుకోండి. దాని మీద లేత రంగు ఒక పట్టీ లాగా వేసి ఆరనివ్వండి. దాని మీద నలుపుతో రాస్తే దూరానికి కనిపిస్తుంది.

గుండ్రటి సీసా మీద రాస్తుంటే అక్షరాలు పైకీ కిందికీ పోతాయి. చదువు వచ్చినవాళ్లకూ పోతాయి. రెండు రబ్బరు బ్యాండ్లు సీసాకు తొడగండి. ఒకటి పైన, ఒకటి కింద. మధ్యలో రాయండి. కాపీ పుస్తకంలో రెండు గీతల మధ్య రాసినట్టే. ఇంకో దారి కూడా ఉంది. గాజు మీద పట్టీ వేయకుండా నేరుగా రాసేటట్టయితే, కాగితం మీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. ఆ కాగితాన్ని సీసా లోపల, గాజుకు అంటుకునేలా పెట్టండి. బయటికి కనిపిస్తుంది. దాని మీదుగానే కుంచె పోనివ్వండి.

మాట సగంలో చోటు అయిపోకుండా మధ్య అక్షరంతో మొదలు పెట్టండి. "ఆవాలు" రాయాలంటే "వా" నడిమిన పడాలి. ఒత్తు ఉన్న మాటలకు కింద చోటు వదలండి. "ఉప్పు"లో ఒత్తు కిందికి దిగుతుంది. "జీలకర్ర"లో ర ఒత్తు దిగుతుంది. "మెంతులు"లో సున్నా మరిచిపోతే "మెతులు" అవుతుంది. మీ ఇంట్లో ఏ మాట అంటారో ఆ మాటే రాయండి. కొందరు పంచదార అంటారు. కొందరు చక్కెర అంటారు. రెండూ తీపే.

ఇంట్లో చదువు రాని అత్తగారో, పెద్దమ్మో ఉంటే పేరు పక్కన బొమ్మ కూడా వేయండి. మిరపకాయ సీసాకు మిరపకాయ బొమ్మ. వేరుశనగ సీసాకు వేరుశనగ కాయ. బొమ్మ చూసి తీస్తారు. కొన్నాళ్లకు పక్కనున్న అక్షరాలు కూడా గుర్తు పడతారు.

రాసినా పెట్టకూడనివి

ఇక్కడ కొంచెం ఆగి చదవండి.

"కిరోసిన్" అని పెద్ద అక్షరాలతో రాశాం, కాబట్టి తాగే నీళ్ల సీసాలో కిరోసిన్ పోయొచ్చా? పోయకూడదు. రాత చదవగలిగిన వాళ్లకే రాత పనికొస్తుంది. మూడేళ్ల పిల్లవాడు రాత చూడడు. సీసా చూస్తాడు. ఆ సీసాలో నిన్న నీళ్లు తాగాడు, మొన్న కూల్‌డ్రింకు తాగాడు. ఇవాళ కూడా ఎత్తి తాగుతాడు. ఫినాయిలు, యాసిడ్, బోరిక్ పొడి, పురుగుమందు దేన్నయినా అది వచ్చిన డబ్బాలోనే ఉంచాలి. పిల్లలకు అందని చోట, తాళం వేసి పెట్టాలి. పూలు గీసిన సీసా పిల్లలను మరీ పిలుస్తుంది. వాటికి అలంకారం వద్దే వద్దు.

ఎప్పుడైనా బిడ్డ ఇలాంటిది తాగితే ఏం చేయాలి? కిరోసిన్, యాసిడ్ తాగితే వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్లు తాగించడం, గొంతులో వేలు పెట్టడం చేయకూడదు. వాంతి అయితే కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. యాసిడ్ అయితే గొంతును రెండోసారి కాల్చుతుంది. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆస్పత్రికి పోయేటప్పుడు ఆ సీసాను కూడా వెంట తీసుకుపోవాలి. దాని మీద రాసింది చదివితే డాక్టరుకు ఏ విషమో తెలుస్తుంది. సొంత డబ్బాలోనే ఉంచాలి అనడానికి ఇది రెండో కారణం.

అమ్ముకోవచ్చా?

అమ్ముకోవచ్చు. కానీ లెక్క వేసుకోండి. 10 సీసాలు తీసుకున్నారు. రంగులు, కుంచెలు, స్పిరిట్ కలిపి 150 రూపాయలు అయ్యాయి అనుకుందాం. 2 సీసాలు పగిలాయి. 8 మిగిలాయి. ఖర్చును 10తో కాదు, 8తో భాగించాలి. ఒక్కో సీసాకు 18 రూపాయల 75 పైసలు పడింది. ఒక్కోటి 40 రూపాయలకు అమ్మితే 320 వస్తాయి. ఖర్చు పోగా 170. దానికి ఎన్ని పూటలు కూర్చున్నారు? ఆ పూటలకు కూలి ఎంత వచ్చేది? ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకుని చూడండి. గాజు బరువు. దూరం పంపితే పగులుతుంది. దగ్గర్లో, దీపావళి లాంటి పండగల ముందు అమ్మితే నయం. దీపానికి అమ్మేటట్టయితే మూతి వెడల్పుగా ఉన్న సీసాలే ఎంచుకోండి. అడుగున కొంచెం ఇసుక పోసి దాని మీద ప్రమిద పెట్టాలని, దీపం వెలిగేటప్పుడు మూత పెట్టకూడదని కొనేవాళ్లకు చెప్పండి. సీసాలో ఇంతకు ముందు ఏముండేదో కూడా చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

అక్షరం తప్పు పోతే

తడిగా ఉండగానే తప్పు చూసుకుంటే తేలిక. తడి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది. ఆరిన తర్వాత కనిపిస్తే గాజు మీద నేరుగా రాసింది గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టండి. గోటితో గీకితే పొరలా లేస్తుంది. పట్టీ మీద రాసింది అయితే నానబెట్టకండి, పట్టీ కూడా లేచిపోతుంది. తప్పు పడిన అక్షరం మీద పట్టీ రంగే ఇంకో పూత వేసి, ఆరాక మళ్లీ రాయండి. పచ్చడి సీసాకు మాత్రం పెట్టిన తేదీని రంగుతో రాయకండి. అది ఏటా మారుతుంది. చిన్న చీటీ మీద నెల, సంవత్సరం రాసి మూతి చుట్టూ దారంతో కట్టండి.